కళల్లో అనుకరణ: గుంటుపల్లి గుహ నుంచి ఘంటసాల పద్యం దాకా

విజయవాడలో ఒక సాయంకాలం సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.

సభకు నమస్కారం. ఉపోద్ఘాతం పెద్దగా పెట్టుకోను, నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఒక కుర్రాడు వేదికెక్కి పద్యం పాడాడనుకోండి. వెనక వరసలో ఒకాయన "అబ్బ, అచ్చం ఘంటసాలేనండీ!" అంటాడు. పక్కాయన "ఆఁ, ఏముంది, అంతా కాపీ" అంటాడు. ఇద్దరూ విన్నది ఒకే పద్యం. ఇద్దరూ చెప్పేదీ ఒకే సంగతి, ఆ కుర్రాడు ఇంకొకరిలా పాడాడని. మరి అది ఒకరికి మెప్పు ఎందుకయింది, ఇంకొకరికి తప్పు ఎందుకయింది? ఇవాళ మాట్లాడదలచింది దీని గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కాదనండి. ఎవరిని అనుకరించావు అన్నది అసలు ప్రశ్న కాదు. వాళ్లలో దేన్ని అనుకరించావు? పైకి కనిపించే రూపాన్నా, ఆ రూపం తయారైన పద్ధతినా? ఈ ఒక్క ప్రశ్న చేతబట్టుకుని కాసేపు గుహల్లోకి, అద్దకంలోకి, నాటకంలోకి, సంగీతంలోకి వెళ్లొద్దాం.

గుంటుపల్లి చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? ఒకసారి చేతులెత్తండి. తక్కువమందే. ఉండవల్లి అందరూ చూసే ఉంటారు, ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్తారు. గుంటుపల్లి కూడా చూడండి. ఏలూరు జిల్లాలో, కామవరపుకోట దగ్గర. బౌద్ధ భిక్షువులు కొండను తొలిచి చేసుకున్న గుహలు, క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటివి. అందులో ఒకటి గుండ్రటి చైత్యగృహం, అంటే స్తూపం ఉన్న ప్రార్థన మందిరం. మధ్యలో రాతి స్తూపం, దాని చుట్టూ ఒక మనిషి ప్రదక్షిణ చేసేంత చోటు. అక్కడ నిలబడి తల పైకెత్తి చూడండి. కప్పు నిండా వాసాలు! రాతిలో చెక్కిన వాసాలు. నడినెత్తి నుంచి గోడ దాకా వంపు తిరిగి దిగుతాయి. అచ్చంగా మన కోస్తా ఊళ్లలో ఒకప్పుడు ఉండే చుట్టిల్లు. తాటాకు ఒక్కటే తక్కువ.

ఇప్పుడు ఆలోచించండి. వాసం ఎందుకుంటుంది ఇంటికి? ఆకు కప్పు బరువు మొయ్యడానికి. గుహలో మొయ్యడానికి ఏముంది? పైనున్నది కొండ. ఆ చెక్కిన వాసాలన్నీ గీకి పారేసినా గుహకు ఏమీ కాదు. అయినా ఆ శిల్పి ఉలితో, సుత్తితో, చీకట్లో, తలెత్తి, అక్కరలేని వాసాలను ఒక్కొక్కటే చెక్కాడు. ఎందుకు?

ఇది మన దగ్గరే జరిగింది కాదు. బిహారులో బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ ఉంది, మౌర్యుల కాలానిది. దాని వాకిలి చూస్తే చెక్కతో కట్టిన ఇంటి ముఖం. చూరు వంపు, చూరు కింద దూలాల కొసలు, అన్నీ రాతిలోనే. అంత దూరాన గ్రీకులూ అంతే. వాళ్ల రాతి దేవాలయాల్లో స్తంభాల పైన మూడేసి నిలువు గాట్లున్న పలకలు కనిపిస్తాయి. అవి ఒకప్పుడు చెక్క దూలాల కొసలని రోమన్ వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు.

పుస్తకాల్లో దీనికి మామూలుగా ఉండే జవాబు, అలవాటు. చెక్కపని వాడికి రాయి ఇచ్చారు, చేతికి వచ్చిన పనే చేశాడు అని. నాకు ఆ జవాబు చాలదండి. కొండను గుండ్రంగా తొలిచి, మధ్యలో స్తూపం మిగిల్చిన మనిషికి రాయి సంగతి తెలియదంటే ఎలా నమ్మడం? నేననుకునేది ఇది. భిక్షువు ఉండేది పర్ణశాలలో. ఆ గుడిసెలో కూర్చున్న మనిషి తలెత్తితే కనబడేవి వాసాలు. ఆ చోటును రాతిలోకి తేవాలనుకున్నాడు శిల్పి, ఎప్పటికీ చెడిపోని చోటుగా చెయ్యాలనుకున్నాడు. అందుకే గుడిసె బయటి నుంచి ఎలా కనిపిస్తుందో అది ఒక్కటే చెక్కి ఊరుకోలేదు. లోపల కూర్చున్నవాడి చూపును చెక్కాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అని మనం చెడ్డగా అంటాం గానీ, ఈ శిల్పి ఉన్న ఇంటి వాసాలు ప్రేమగా లెక్కపెట్టుకున్నాడు.

ఉండవల్లి గురించి ఒక్క మాట. కృష్ణ అవతలి గట్టే కాబట్టి మనకు చనువెక్కువ, సరిగ్గా చూడం. నాలుగు అంతస్తుల మేడ అంటాం. ఎవరూ కట్టలేదు దాన్ని. ఆ స్తంభాలు తెచ్చి నిలబెట్టినవి కావు, తొలచకుండా వదిలినవి. లోపల పడుకుని ఉన్న అనంతశయనుడూ ఆ కొండలో భాగమే. కట్టడంలో రాయి మీద రాయి చేరుస్తాం, ఇక్కడ ఉన్న రాయిని తీసేస్తూ వెళ్లారు. పని పూర్తిగా తలకిందులు, చూపుకు మాత్రం కట్టిన మేడే. ఈసారి వెళ్లినప్పుడు స్తంభం పాదం దగ్గర వంగి చూడండి. నేలకూ స్తంభానికీ మధ్య అతుకు కోసం వెతకండి.

అమరావతి కథ ఇంకా విచిత్రం. మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, దాని చుట్టూ ఉన్న రాతి ప్రాకారాన్ని వడ్రంగి కంచె కట్టినట్టే కట్టారు. నిలువు స్తంభాలకు పక్కల రంధ్రాలు, వాటిలోకి దూర్చిన అడ్డపలకలు. ఆ అడ్డపలకను సూచి అంటారు. పైన ఉష్ణీషం, అంటే స్తంభాల మీద పరిచిన రాతి దూలం. పొలం గట్టున కర్రల కంచె ఎలా వేస్తారో అదే లెక్క, పల్నాటి సున్నపురాయిలో. సరే, అంతవరకు గుంటుపల్లి లాంటిదే. అసలు సంగతి వేరే ఉంది. ఆ స్తూపానికి తాపడం చేసిన పలకల మీద శిల్పులు ఏం చెక్కారు? ఆ స్తూపాన్నే చెక్కారు! గుమ్మటం లాంటి అండం మీద దండలు, నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు, ద్వారం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు. స్తూపం ఒంటి మీద స్తూపం బొమ్మ.

ఇంగ్లీషు వాళ్ల సర్వే అధికారి కర్నల్ మెకంజీ 1797లో అక్కడికి వచ్చేసరికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కొత్త పట్నం కోసం ఆ స్తూపం దిబ్బను తవ్వి ఇటుక, రాయి పట్టుకెళ్తున్నారు. తర్వాత మిగిలినవాటిలో చాలా భాగం మద్రాసు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ఇవాళ మనం అమరావతి వెళితే కనిపించేది దిబ్బ అడుగు. మరి మహాచైత్యం ఎలా ఉండేదో ఎవరు చెప్తారు? ఆ పలకలు చెప్తున్నాయి. అసలు పోయింది, నకలు మిగిలింది, ఆ నకలే సాక్ష్యం చెప్పింది. పురావస్తు శాస్త్రజ్ఞులు స్తూపం ఆకారాన్ని ఊహించడానికి ఆ పలకలనే పట్టుకున్నారు. అయితే ఒకటి గమనించండి, అవి కొలబద్ద పెట్టి చేసిన నమూనాలు కావు. దేవతలు ఎగురుతున్నారు, జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ శిల్పి స్తూపం ఆకారంతో పాటు స్తూపం దగ్గర నిలబడ్డ మనిషి సంబరాన్నీ చెక్కాడు.

ఇక్కడి నుంచి మచిలీపట్నం వెళ్దాం, పెడన మీదుగా. కలంకారీ. 17వ శతాబ్దంలో మన కోరమండల్ తీరం అద్దకం బట్టలు యూరప్‌ను ఊపేశాయి. ఎంతగానంటే, అక్కడి నేతగాళ్లు గొడవపెట్టి వాటిని నిషేధింపజేశారు. ఫ్రాన్సులో 1686 నుంచి 1759 దాకా నిషేధం. ఇంగ్లండులో 1721లో ఇంకా గట్టి చట్టం. నిషేధిస్తే ఆగుతుందా? కాపీ కొట్టడం మొదలుపెట్టారు. పువ్వు కాపీ కొట్టారు, తీగ కాపీ కొట్టారు, అంచు కాపీ కొట్టారు. చూస్తే అదే బట్ట. ఉతికితే మాత్రం మన బట్ట రంగులా నిలిచేది కాదు.

ఎందుకని? మన అద్దకంలో ఎరుపును పూయరు. ముందు బట్టను కరక్కాయ కషాయంలో, గేదె పాలలో నానబెడతారు. ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు లేదు, ఏమీ లేదు. తర్వాత ఆ బట్టను ఎర్ర రంగునిచ్చే చిరివేరు వేసి కాగబెడితే, పటిక పడ్డ చోట మాత్రం ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట పారే నీటిలో జాడిస్తే పోతుంది. నలుపు వేరే సంగతి, ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు. అంటే కంటికి కనిపించేది చివరి మెట్టు ఒక్కటే. దాన్ని చూసి కింది మెట్లు కనుక్కోలేరు. అందుకని కెర్డూ అనే ఫ్రెంచి పాదిరీ, తెలుగు బాగా వచ్చినవాడు, అద్దకం పనివాళ్లను అడిగి అడిగి ఆ పద్ధతినంతా 1742లో ఉత్తరంగా రాసి ఫ్రాన్సుకు పంపాడు. యూరప్ వాళ్లు పువ్వును ఎప్పుడో పట్టుకెళ్లారు. పద్ధతి దొరికే దాకా ఆ పువ్వు వాళ్ల దగ్గర వెలిసిపోతూనే ఉంది. మన వాళ్లు తక్కువ తిన్నారా, వాళ్లు పంపిన డిజైన్లు చూసి గీసేవారు. గీస్తూ గీస్తూ వాళ్ల చెట్టుకు మన తీగ చుట్టేవారు. అటూ ఇటూ సాగింది.

ఇక శాస్త్రం కొంచెం మాట్లాడుకుందాం, విసుగొస్తే చెప్పండి. ప్లేటో అనుకరణను మెచ్చలేదు. దేవుడి మనసులో మంచం ఒకటి, దాన్ని చూసి వడ్రంగి చేసిన మంచం ఒకటి, వడ్రంగి మంచం చూసి చిత్రకారుడు గీసిన మంచం ఒకటి. అంటే చిత్రం సత్యానికి మూడో మెట్టు దూరం. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. మనిషి చిన్నప్పుడు మొదట నేర్చుకునేదే అనుకరించి అన్నాడు. అసహ్యమైన జంతువునైనా బొమ్మలో చూస్తే సంతోషిస్తాం, ఎందుకంటే గుర్తుపట్టడంలో ఆనందం ఉంది అన్నాడు.

మన దగ్గర ఈ గొడవ ఇంకా రసవత్తరంగా జరిగింది. నాట్యశాస్త్రం రాసిన భరతుడు నాట్యాన్ని లోకవృత్తాన్ని, అంటే లోకం నడతను, అనుకరించేదిగా చెప్పాడు. తర్వాత వచ్చిన వ్యాఖ్యాత శ్రీశంకుకుడు ఆ మాట పట్టుకుని, నటుడు రాముణ్ని అనుకరిస్తాడు, చూసేవాడికి అది చిత్రంలోని గుర్రం లాంటిది అన్నాడు. బొమ్మ గుర్రాన్ని చూసి "ఇది గుర్రం" అంటాం. నిజం గుర్రమని కాదు, అబద్ధమనీ కాదు. కశ్మీరంలో అభినవగుప్తుడు, వెయ్యేళ్ల కిందట, అడ్డం తిరిగాడు. ఫలానావాడు కల్లు ఇలా తాగుతాడని ఒకడు పాలు తాగి చూపించాడు, అది అనుకరణ, ఒప్పుకుంటాను. ఎందుకంటే ఆ కల్లు తాగేవాణ్ని మనం చూశాం. మరి రాముణ్ని ఎవరు చూశారు? రాముడి శోకాన్ని ఎవరు చూశారు? చూడనిదాన్ని ఎలా అనుకరిస్తావు? నటుడు చేసేది అనుకరణ కాదు, మరేదో అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు కశ్మీరంలో దొరికిందో లేదో గానీ, బాపట్లలో పుట్టిన ఒకాయనను చూస్తే నాకు దారి కనిపిస్తుంది. రంగస్థల నటుడు స్థానం నరసింహారావుగారు, 1902లో పుట్టారు. మగవాడు, సత్యభామ వేషం. మన తాతలు ఆయనను చూడ్డానికి బండ్లు కట్టుకుని వెళ్లారు. ఆయన ఏ సత్యభామను చూసి అనుకరించారు? చూడలేదు కదా. ఏ స్త్రీనైనా చూసి దించారా? ఒక్కరిని దించితే మిమిక్రీ అవుతుంది. ఎంతోమంది స్త్రీలను చూసి ఉంటారు. కొంగు ఎక్కడ సర్దుకుంటారు, అలిగినప్పుడు మెడ ఎటు తిప్పుతారు, మాట ఆపి ఎలా చూస్తారు, వీటన్నిటిలోంచి పట్టుకున్న ఒక నడత. ఆ నడతను తన ఒంట్లో పండించుకున్నారు.

కూచిపూడి మనకు దగ్గరే. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామాకలాపం చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు, నాకు తెలుసు. ముందు తెర. తెర మీదుగా ఇవతలికి జడ. ఇంకా మొహం కనిపించలేదు, ఆ జడలోనే సత్యభామ గర్వమంతా కనిపిస్తుంది. తరతరాలుగా మగవాళ్లే కట్టిన వేషం అది. ఇవాళ మన అమ్మాయిలు కూచిపూడి నేర్చుకుంటున్నారు, భామాకలాపం చేస్తున్నారు. ఏమవుతోందో గమనించారా? ఆడవాళ్లను చూసి మగవాళ్లు తీర్చిన నడకను, మళ్లీ ఆడపిల్లలు మగ గురువుల దగ్గర నేర్చుకుంటున్నారు. ఇందులో అసలు ఏది, నకలు ఏది? అయినా అమ్మాయి ఆ జడ పట్టుకుని తిరిగినప్పుడు "ఇది మగవాడి ఊహ" అని మనకు అనిపించదు. సత్యభామే అనిపిస్తుంది. అభినవగుప్తుడు "మరేదో" అన్నది ఇదేనేమో!

విష్ణుధర్మోత్తరం అనే పాత పురాణంలో ఒక కథ ఉంది. వజ్రుడనే రాజు మార్కండేయుణ్ని అడుగుతాడు, నాకు విగ్రహం చెక్కడం నేర్పమని. దానికి చిత్రకళ రావాలి అంటాడు ఋషి. సరే, చిత్రకళ నేర్పండి. దానికి నృత్యం తెలియాలి. నృత్యానికి వాద్యం. వాద్యానికి గానం. చూశారా, అన్నిటికీ అడుగున పాట ఉంది. మరి పాట దేన్ని అనుకరిస్తుంది?

పాతవాళ్లు ఒక జవాబు చెప్పారు. షడ్జమం నెమలి నుంచి, పంచమం వసంతంలో కోయిల నుంచి, నిషాదం ఏనుగు నుంచి అని. నెమలి అరుపు విని ఎవరైనా శ్రుతి పెట్టుకున్నారా? ఆ మాట అలా వినడానికి కాదు, ఈ స్వరాలు ప్రకృతిలోంచి వచ్చినవని చెప్పడానికి. నాకు ఆసక్తి అనిపించేది వేరే, ఒక నాదం ఇంకో నాదాన్ని అనుకరించడం.

వయొలిన్ తీసుకోండి. పడమటి వాద్యం. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితార్ దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. అక్కడ వాళ్లు గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మన వాళ్లు కింద కూర్చుని, దాని తలను కుడి పాదం మీద ఆనించారు. ఎందుకో తెలుసా? ఎడమ చెయ్యి వాద్యాన్ని పట్టుకునే పని లేకుండా పోయింది. వేలు తీగ మీద పైకీ కిందికీ ధారాళంగా జారుతుంది, గమకం, అంటే స్వరం మీద ఊపు, పలుకుతుంది. తీగల శ్రుతి కూడా మార్చేశారు, షడ్జ పంచమాలకు. అంటే ఆ పెట్టె అదే, ఆ కమాను అదే, కానీ దాని చేత మన గొంతు చేసే పని చేయించారు. కచేరీలో చూడండి. గాయకుడు తోడి ఆలాపనలో గాంధారం దగ్గర ఊగుతూ ఉంటాడు, వయొలిన్ ఆయన వెనకే, ఒక్క ఊపిరి ఆలస్యంగా, అదే ఊపును పట్టుకుంటుంది. తర్వాత తన వంతు వచ్చినప్పుడు అదే తోడిలో గాయకుడు వెళ్లని సందులోకి వెళ్తుంది. అంతసేపు వెంబడించినవాడికే ఆ సందు తెలుస్తుంది.

బాలుస్వామిగారి అన్నగారే ముత్తుస్వామి దీక్షితులు. ఆయన ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు, నొట్టుస్వరాలు అంటాం. ఇంగ్లండు రాజుగారి పాట వరస కూడా వాటిలో ఉంది. ఆ మహానుభావుడికి సొంత వరసలు లేకనా?

మన ఊరి సంగతికి వద్దాం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడే పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకున్నారు. పంతులుగారిది త్యాగరాజ శిష్య పరంపర. గురువు పాడాలి, శిష్యుడు అలాగే పాడాలి. ఒక్క సంగతి, అంటే కృతి వరసలో ఒక పలుకు, మారినా ఊరుకునేవారు కారు. ఈ పద్ధతిలో పెరిగిన పిల్లవాడు చిన్న వయసులోనే 72 మేళకర్తల్లోనూ, అంటే కర్ణాటక సంగీతంలోని మూల రాగాలన్నిటిలోనూ, కృతులు రాశాడు. తర్వాత నాలుగే స్వరాలతో మహతి, లవంగి అని కొత్త రాగాలు కట్టాడు. పెద్దవాళ్లు కొందరికి కోపం వచ్చింది, వాదాలు జరిగాయి. నేను ఆ వాదంలోకి వెళ్లను. ఒకటే అడుగుతాను. అంత కచ్చితంగా అనుకరించినవాడే అంత దూరం ఎలా వెళ్లాడు? త్యాగరాజస్వామి కృతిని అన్నిసార్లు పాడినవాడికి అది ఎలా కట్టబడిందో చేతికి తెలిసిపోయింది.

షేక్ చినమౌలానా సాహెబ్ కూడా అంతే. కరవదిలో పుట్టారు, అప్పట్లో అది గుంటూరు జిల్లా. తంజావూరు నాదస్వరం బాణీ మీద మనసుపడి, అక్కడి గురువుల దగ్గర నేర్చుకుని, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. తమిళులే ఆయన దగ్గర ఆ బాణీ నేర్చుకున్నారు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ కుర్రాడి దగ్గరికి రావాలి. ఎందుకంటే ఈ మధ్య కంప్యూటరు కూడా పాడుతోంది. 2024లో ఒక తమిళ సినిమా పాట కోసం ఎ.ఆర్. రహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను యంత్రంతో తెప్పించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నారు, పారితోషికం ఇచ్చారు. అది మర్యాద. అనుమతి లేకుండా ఫోన్లలో తిరుగుతున్నవి ఎన్నో, అది దొంగతనం, నాకు ఇందులో సందేహం లేదు. కానీ పిల్లల తల్లిదండ్రులు ఒకటి ఆలోచించాలి. అచ్చం ఆ గొంతులాగే వినిపించడం యంత్రానికి వచ్చేసింది. ఇక మీ అబ్బాయికి అదే నేర్పితే, వాడు రేపు ఎవరితో పోటీపడతాడు?

ఘంటసాలగారిని చూడండి. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరం వెళ్లి, మాధుకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నారు. ఆయన కాలానికి పద్యం అంటే రంగస్థల పద్యం. చివర రాగం తీస్తే హాలంతా వన్స్ మోర్. ఆ సంప్రదాయంలోంచే వచ్చి ఆయన ఏం చేశారు? రాగాన్ని తగ్గించారు, మాటను నిలబెట్టారు. ఆయన పద్యం విన్నవాడికి అన్వయం అర్థమవుతుంది. ఎక్కడ విరవాలి, ఏ మాట మీద బరువు పెట్టాలి, యతి దగ్గర ఎంత ఆగాలి, అంతా అర్థాన్ని బట్టే. మన జిల్లాల్లో ఘంటసాలను అనుకరించేవాళ్లు వందలమంది. ఆ గాంభీర్యం, ఆ మంద్రం పట్టుకుంటారు. ఆ విరుపు ఎందుకు అక్కడ పెట్టారో అడిగితే చెప్పలేరు.

పాటల పోటీలు పెట్టేవాళ్లు ఈ సభలో ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను. మొదటి రౌండులో ఘంటసాల పద్యం పాడించండి, ఎంత దగ్గరగా పాడితే అన్ని మార్కులు వెయ్యండి, తప్పు లేదు. రెండో రౌండులో ఆయన పాడని పద్యం ఒకటి ఇవ్వండి. పోతన భాగవతంలో వేల పద్యాలు ఉన్నాయి, కరువు లేదు. ఒక గంట టైమిచ్చి, అర్థం చెప్పుకుని, వరస కట్టుకుని రమ్మనండి. రాగం వాడిష్టం. అప్పుడు వాడు ఘంటసాల దగ్గర గొంతు నేర్చుకున్నాడో, పద్యం చదవడం నేర్చుకున్నాడో మీకే తెలిసిపోతుంది. వచ్చే పోటీల్లో ఇది చేస్తామని ఎవరైనా ముందుకొస్తే, పద్యాలు ఏరి ఇచ్చే పని నాది.

టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, కూర్చునే ఉంటాను.